చెవిలోని హోరు, మనస్సులోని భారము: లూథరు దినముల నుండి సామర్లకోట వరకు ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

వేదాంత విద్యకు సామర్లకోట క్రొత్త ఊరు కాదు. 1874లో కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషను పనిని ప్రారంభించిన జాన్ మెక్లారిన్ దొరగారు, తెలుగు బోధకుల తర్ఫీదు కొరకు 1882లో సెమినరీని ఈ ఊరిలోనే తెరిచారు. తరువాతి కాలములో ఆ విద్యాలయము కాకినాడకు మారింది. అదే మిషను, ఇక్కడికి పది పన్నెండు కిలోమీటర్ల దూరములోనున్న పిఠాపురములో వైద్యశాలను నెలకొల్పింది. ఒకచోట వాక్యము, మరొకచోట వైద్యము. రెండును ఒకే పరిచర్యకు రెండు చేతులని ఆ తరము వారు ఎంచారు.

ఆ రెండు చేతులు ఒకదానినొకటి మరచిపోయినప్పుడు విశ్వాసికి కలిగే నష్టమును చూపుటకు ఈ వ్యాసములో ఒక రుగ్మత చరిత్రను తీసుకున్నాము. బయట ఏ చప్పుడు లేకపోయినా చెవిలోనో తలలోనో హోరు, ఈల, గింగురు, బుసబుస వంటి శబ్దము వినబడుటను వైద్యులు టిన్నిటస్ అంటారు. మన పెద్దలు దీనిని చెవి హోరు అన్నారు. ప్రాణము తీసే జబ్బు కాదు గనుక దీనిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. అయితే నిద్రను, నెమ్మదిని, కొందరి విషయములో బ్రతకాలనే ఆశను కూడా ఇది కొల్లగొట్టగలదు. కాపరులమైన మనము దీనిని ఎట్లు అర్థము చేసుకున్నాము, ఎక్కడ పొరబడ్డాము అన్నదే ఇక్కడి ప్రశ్న.

1. మా సంఘములో జరిగినది

ఈ పరిశీలనకు పుస్తకములు కాదు, ఒక పెద్దాయన కారణము. ఆయన ముప్పది ఏండ్లు రైసు మిల్లులో యంత్రముల మధ్య పని చేశారు. పని మానిన తరువాత ఒక సాయంత్రము మా యింటికి వచ్చి, "అయ్యగారండీ, మిల్లు మానేసి రెండేళ్ళయ్యిందండి. చెవిలో మాత్రం మిల్లు ఆడతానే ఉందండి. పగలు పర్వాలేదు గానండి, రాత్రయితే పక్కమీద ఉండలేకపోతున్నానండి" అన్నారు. మేము ఆయనకు ప్రార్థన చేశాము. మూడు దినములు ఉపవాసముండమన్నాము. ఇది శత్రువు పోరాటమని, విశ్వాసముతో ఎదిరించమని చెప్పాము. మంచి మనస్సుతోనే చెప్పాము.

హోరు పోలేదు. తన విశ్వాసమే చాలలేదని ఆయన అనుకున్నారు. ఆరాధనలో వెనుక బల్లకు మారారు, తరువాత రావడము మానేశారు. కొన్ని నెలలకు ఆయన కుమార్తె వచ్చి, "నాన్న అన్నం సరిగా తినటంలేదండి. ఆ చప్పుడు ఆగాలంటే నేనే ఆగిపోవాలి అంటున్నారండి" అని కన్నీళ్ళు పెట్టుకున్నది. అప్పుడు గాని మాకు మెలకువ రాలేదు. ఆయన మా దగ్గరకు తెచ్చిన భారమునకు మేము మరొక భారము కలిపి పంపామని ఆ దినమున గ్రహించాము. ఆ మీదట చరిత్రను వెదకినప్పుడు, మా పొరపాటు మాతో మొదలైనది కాదని తెలిసింది.

2. ప్రాచీనులు ఏమనుకున్నారు?

నీనెవె పట్టణమును మనము యోనా గ్రంథము వలన ఎరుగుదుము. ఆ పట్టణపు శిథిలములలో అష్షూరు రాజైన అష్షూర్‌బనిపాలు గ్రంథాలయము బయటపడింది. క్రీ.పూ. 7వ శతాబ్దమునకు చెందిన ఆ మట్టిపలకలలో చెవి రోగములను గూర్చినవి కూడా ఉన్నాయి. మనుష్యుని చెవులు మ్రోగుచున్నట్లయితే చచ్చినవారి ఆత్మ వానిని పట్టినదని వాటిలో వ్రాయబడింది. దానికి మంత్రములతోపాటు చెవిలో వేయవలసిన మందులును చెప్పబడ్డాయి. కనిపించని చోటనుండి శబ్దము వస్తే అది కనిపించని వ్యక్తిదే అయ్యుండాలన్న తలంపు ఎంత పాతదో దీనినిబట్టి తెలుస్తున్నది.

మన దేశపు వైద్యులు మరొక దారిలో ఆలోచించారు. సుశ్రుత సంహితలోని ఉత్తరతంత్రము 28 కర్ణరోగములను లెక్కించి, వాటిలో కర్ణనాదము, కర్ణక్ష్వేడము అను రెండింటిని వేరువేరుగా చెప్పింది. భేరి, మృదంగము, శంఖము వంటి ధ్వనులు వినబడితే అది కర్ణనాదము. వెదురు వేణువు ఊదినట్లు వినబడితే అది కర్ణక్ష్వేడము. శబ్దమును మోసే మార్గములో వాతము చేరుట దీనికి కారణమని వారి భావన. ఆ శరీరశాస్త్రమును నేటి వైద్యము అంగీకరించదు. అయినను కారణమును శరీరములో వెదకుట, శబ్దము ఏ రకమైనదో రోగిని అడిగి తెలుసుకొనుట అను రెండు మంచి అలవాట్లు అక్కడ కనిపిస్తాయి.

యూదుల తల్మూదులో ఒక కథ ఉన్నది. క్రీ.శ. 70లో యెరూషలేము దేవాలయమును నాశనము చేసిన తీతు ముక్కులో ఒక దోమ దూరి, ఏడు సంవత్సరములు అతని తలను తొలిచిందట. ఒకనాడు కమ్మరి కొలిమి ప్రక్కగా వెళ్ళుచుండగా సుత్తి దెబ్బల చప్పుడుకు అది ఊరకుండెను. అప్పటినుండి అతడు ప్రతిదినము ఒక కమ్మరిని పిలిపించి ఎదుట సుత్తి కొట్టించుకున్నాడు. ముప్పది దినములైన తరువాత దోమ ఆ చప్పుడుకు అలవాటుపడి మరల తొలవసాగెను. ఇది చరిత్ర కాదు, దేవుని తీర్పును చూపుటకు రబ్బీలు చెప్పిన కథ. అయితే చెప్పినవారెవరో చెవి హోరు బాధను దగ్గరగా చూచినవారై ఉండవలెను. 'చెవిలో జోరీగ' అను మన తెలుగు మాట ఆ దోమకు దగ్గరి చుట్టమే.

పాత నిబంధనలో సమూయేలు బాలుడుగా నుండగా ఏలీ యింటిని గూర్చి వచ్చిన వర్తమానములోను, రాజుల రెండవ గ్రంథములోను, యిర్మీయాలోను, తీర్పును విన్నవారి చెవులు గింగురుమనునని ఉన్నది. ఆ హెబ్రీ క్రియ తాళములను సూచించే మాటకు సంబంధించినది. తాళము తాళమును తాకినట్లు చెవి అదురుట అని భావము. ఇది భయంకరమైన వార్తకు వాడిన అలంకారము మాత్రమే. చెవి మ్రోగే ప్రతివాని మీద దేవుని తీర్పు ఉన్నదని ఈ వచనములనుండి బోధించుట వాక్యమునకు న్యాయము చేయుట కాదు.

3. మార్టిన్ లూథరు: హోరు, శోధన, స్నేహము

సంఘ చరిత్రలో ఈ బాధను అందరికంటె స్పష్టముగా వ్రాసి పెట్టినవాడు మార్టిన్ లూథరు (1483–1546). మన గోదావరి తీరమునకు ఆయన పేరు క్రొత్తది కాదు. రాజమండ్రిలో లూథర్‌గిరి అని ఒక స్థలమునకే ఆయన పేరు ఉన్నది. అయితే మనము ఎరిగిన లూథరు 1517లో సిద్ధాంతములను ప్రకటించినవాడు, 1521లో వర్మ్సు సభ ఎదుట నిలువబడినవాడు. చెవి మ్రోగుచుండగా మంచము మీద పడి ఏడ్చిన లూథరును మనము అంతగా ఎరుగము.

1527 ఏప్రిల్ నెలలో ప్రసంగించుచుండగా ఆయనకు తల తిరిగి, ప్రసంగమును ఆపవలసి వచ్చింది. జులై 6న పరిస్థితి మరింత తీవ్రమైంది. ఆ ఉదయము ఆయన ఆత్మలో గొప్ప వేదన పొంది, తన కాపరియైన బుగెన్‌హాగెన్‌ను పిలిపించి పాపములు ఒప్పుకున్నాడు. సాయంత్రము ఎడమ చెవిలో సముద్రపు అలల వంటి హోరు పుట్టింది. మూర్ఛ వచ్చి పడిపోయాడు. ప్రక్కనున్న యుస్తుస్ యోనాసును నీళ్ళు అడిగాడు. ఇదే మరణమని తలంచి, భార్యయైన కాథరీనాను, పసివాడైన కుమారుని దేవునికి అప్పగించాడు. మరునాటికి శరీరము కొంత కుదుటపడింది గాని మనస్సు కుదుటపడలేదు. ఆగస్టు నెలలో మెలంక్తోనుకు వ్రాస్తూ, తాను వారమునకు పైగా మరణములోను నరకములోను గడిపితినని తెలియజేశాడు. జర్మను భాషలో 'అన్‌ఫెక్టుంగ్' అని ఆయన పిలిచిన ఆ శోధన, ఆ సంవత్సరమంతయు ఆయనను వెంటాడింది. అదే కాలములో విట్టెన్‌బర్గులో తెగులు ప్రబలింది. పారిపొమ్మని చెప్పినా ఆయన పారిపోక, రోగుల మధ్యనే నిలిచాడు.

1530లో ఆగ్స్‌బర్గు సభ జరుగుచుండగా, చట్టబహిష్కృతుడైన లూథరు అక్కడికి వెళ్ళలేక కోబుర్గ్ కోటలో ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు ఉండవలసి వచ్చింది. ప్రవక్తల గ్రంథములను అనువదింపవలెనని పూనుకొన్నాడు గాని తలలోని మ్రోత ఉరుమువలె పెరిగి పనిని ఆపివేసింది. కొన్ని దినములు అక్షరములను చూడలేకపోయాడు. అక్కడ ఉండగానే తండ్రి మరణవార్త వచ్చింది. ఒంటరితనము, దుఃఖము, సభలో ఏమి జరుగుచున్నదో అన్న ఆందోళన ఒకవైపు, హోరు మరొకవైపు. ఏది దేనిని పెంచిందో విడదీసి చెప్పుట కష్టము. రెండును ఒకదానినొకటి పెంచుకొన్నాయని చెప్పుటయే సరియైనది. నేటి వైద్యులు చెప్పునదియు ఇదే.

లూథరు ఈ హోరును సాతాను దెబ్బలని పిలిచాడు. పౌలు తన శరీరములోని ముల్లును గూర్చి కొరింథీయులకు వ్రాసిన మాటలు ఆయన మనస్సులో ఉన్నాయి. ఆనాటి మాటలలో ఆయన తన అనుభవమును చెప్పాడు. మనము ఆయనను ఎగతాళి చేయనక్కరలేదు. అయితే ఆయన ఏమి చెప్పాడన్నదే గాక, ఏమి చేశాడన్నదియు చూడవలెను. పని ఆపి విశ్రమించాడు. మందులు పుచ్చుకున్నాడు. కాపరి యెదుట తన భయమును దాచుకొనలేదు. కోబుర్గులో ఉన్న ఆ వేసవిలోనే, తన పిల్లలకు చదువు చెప్పుచుండిన వెల్లెర్ అను యువకుడు మనోవ్యాకులములో పడినప్పుడు, ఒంటరిగా ఉండవద్దని, స్నేహితులతో కలిసి నవ్వుచు ఆటలాడుమని ఉత్తరము వ్రాశాడు. అక్టోబరులో కోట విడిచే ముందు సంగీత విద్వాంసుడైన లుడ్విగ్ జెన్‌ఫ్ల్‌కు వ్రాస్తూ, వేదాంతము తరువాత మనస్సుకు నెమ్మదినిచ్చునది సంగీతమేనని చెప్పాడు. ఇది ఉపదేశము కాదు, తాను త్రాగిన మందును మరొకరికి పోయుట.

తల తిరుగుట, ఒక చెవిలో హోరు, వాంతి, మూర్ఛ కలసి వచ్చుటను బట్టి, లూథరుకు ఉన్నది మెనియేర్ వ్యాధి అని పలువురు వైద్యులు ఊహించారు. ఐదు శతాబ్దముల నాటి రోగిని దూరమునుండి పరీక్షించుట సాధ్యము కాదు గనుక దీనిని ఊహగానే ఉంచవలెను.

4. వైద్యులు చెవిని కనుగొన్న కాలము

19వ శతాబ్దములో పారిస్‌లోని బధిరుల విద్యాలయము ఈ చరిత్రలో ముఖ్యస్థానమైంది. అక్కడి వైద్యుడు ఇటార్డ్ 1821లో చెవి రోగములను గూర్చి గొప్ప గ్రంథమును ప్రచురించాడు. శరీరములో నిజముగా పుట్టే శబ్దమును, ఏ శబ్దము లేకయే వినబడే హోరును ఆయన వేరు చేశాడు. హోరు పోనప్పుడు రోగి దానిని భరించగలుగునట్లు బయటి చప్పుడుతో దానిని కప్పవలెనన్నాడు. తడి కట్టెలు చిటపటమని మండే పొయ్యి దగ్గర ఉండుట, నీటి మర దగ్గర నివసించుట ఆయన చెప్పిన ఉపాయములు. గోదావరి కాలువ లాకు దగ్గర నిద్రపోయినవారికి ఈ ఉపాయము వెంటనే అర్థమవుతుంది. రాత్రంతా నీరు దుముకుచున్నా ఆ చప్పుడు ఎవరినీ లేపదు, అది ఆగితే లేస్తారు.

ఇటార్డ్ తరువాత అదే విద్యాలయములో వైద్యుడైన ప్రోస్పెర్ మెనియేర్ 1861 జనవరిలో వైద్య అకాడమీ ఎదుట ఒక పత్రము చదివాడు. తల తిరుగుట, హోరు, చెవుడు కలిసి వచ్చే జబ్బు మెదడుకు రక్తము పొంగుట వలన కాదని, లోపలి చెవి దెబ్బతినుట వలన వస్తుందని ఆయన వాదించాడు. అంతవరకు ఇట్టి రోగులకు మూర్ఛరోగులని, మెదడు చెడినవారని పేరు పెట్టి రక్తము తీసేవారు. ఒక్క పత్రము వలన ఎందరో నిందనుండి తప్పించబడ్డారు.

ఆ శతాబ్దపు ఆరంభములోనే బేతోవెన్ అను సంగీతకారుడు 1801లో స్నేహితునికి వ్రాస్తూ, తన చెవులు రాత్రింబగళ్ళు మ్రోగుచున్నవని, చెవిటితనము బయటపడునని మనుష్యులను తప్పించుకొని తిరుగుచున్నానని తెలిపాడు. 1802లో హైలిగెన్‌స్టాట్‌లో వ్రాసిపెట్టిన పత్రములో, ప్రాణము తీసుకొనువరకు వచ్చితినని, తన కళయే తనను ఆపిందని ఒప్పుకున్నాడు. హోరు, చెవుడు, సిగ్గు, ఒంటరితనము, నిరాశ: ఈ మెట్లు ఎట్లు దిగుతాయో ఆ పత్రములో కనిపిస్తుంది. మా సంఘపు పెద్దాయన వెనుక బల్లకు మారినది కూడా అటువంటి మెట్టే.

5. సామర్లకోట, మన్యపు జ్వరము, చేదు మందు

ఈ చరిత్రలో మన ఊరికి కూడా చిన్న భాగమున్నది. ఈస్టిండియా కంపెనీ కాలములో సామర్లకోట సైనిక స్థావరము. 1781 నుండి 1793 వరకు విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు వైద్యుడు ఇక్కడ పని చేశాడు. ఇక్కడి తోటలో మిరియము, చెరకు, నీలిమందు మొదలైనవి పెంచి పరిశోధించి, తరువాత కలకత్తా వృక్షోద్యానమునకు అధిపతి అయ్యాడు. ఆనాడు చలిజ్వరమునకు తెలిసిన మంచి మందు దక్షిణ అమెరికానుండి వచ్చే సింకోనా బెరడు. అది దూరము, ఖరీదు. రాక్స్‌బర్గ్ మన కొండలలో పెరిగే సోమిద చెట్టు బెరడును దానికి బదులుగా వాడవచ్చునా అని పరీక్షించి, 1793లో లండనులో ప్రచురించాడు. ఆ చెట్టు శాస్త్రీయ నామమైన 'సోయ్‌మిడా' మన తెలుగు మాటనుండి వచ్చినదే.

1820లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పెల్లెటియే, కావెంటూ సింకోనా బెరడునుండి క్వినైనును వేరు చేశారు. 1860ల నుండి నీలగిరులలో సింకోనా తోటలు వెలిశాయి. 1879లో రంప పితూరీని అణచుటకు మన్యమునకు వెళ్ళిన సైనికులను, పోలీసులను తుపాకులకంటె జ్వరమే ఎక్కువ పడగొట్టింది. క్వినైను ఆ జ్వరమునకు కవచమైంది. జ్వరము దోమ ద్వారా వచ్చునను సత్యమునకు దారి తెరిచిన పరిశోధన 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ చేతిలో ఫలించింది.

ఈ క్వినైనుకు ఒక లక్షణమున్నది. ఎక్కువ మోతాదులో పుచ్చుకుంటే చెవులు గింగురుమంటాయి, వినికిడి మందగిస్తుంది, తల తిరుగుతుంది. దీనికి సింకోనిజము అని పేరు. మందు ఆపితే చాలామందిలో తగ్గిపోతుంది. తరువాతి కాలములో ఎక్కువ మోతాదు ఆస్పిరిను విషయములోను ఇదే కనబడింది. 1940లలో కనుగొనబడి క్షయకు వాడబడిన స్ట్రెప్టోమైసిను అయితే లోపలి చెవిని శాశ్వతముగా దెబ్బతీయగలదని తేలింది.

మన పరిశీలనకు దీని ప్రాముఖ్యత ఏమి? ఒక మాత్ర వలన హోరు పుట్టి, ఆ మాత్ర మానగానే పోయినప్పుడు, దానికి కారణము మోతాదే గాని దయ్యము కాదని ఎవరైనా ఒప్పుకుంటారు. యంత్రము, తుపాకి, వయస్సు, చెవిలోని గుమిలి, రక్తపోటు మందు విషయములో కూడా అదే న్యాయము వర్తింపవలెను గదా! కనబడే మాత్రను నమ్మినంత సులువుగా, కనబడని నరమును మనము నమ్మము. చిక్కు అక్కడ ఉన్నది.

6. నేటి వైద్యము చెప్పునది

లోపలి చెవిలో శబ్దమును గ్రహించే సన్నని రోమకణములు ఉన్నాయి. పెద్ద చప్పుడు వలన గాని వయస్సు వలన గాని అవి చచ్చిపోతే తిరిగి పుట్టవు. చెవినుండి వచ్చే సంకేతము తగ్గినప్పుడు మెదడు, రేడియోలో స్టేషను సరిగా రానప్పుడు మనము వాల్యూము పెంచినట్లు, తన గ్రహణశక్తిని పెంచుకుంటుంది. అప్పుడు లోపలి రొదయే శబ్దముగా వినబడుతుందని ఎక్కువమంది శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

అయితే శబ్దము వినబడిన ప్రతివాడు బాధపడడు. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అను ఇద్దరు పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దము చొరబడని గదిలో కూర్చుండబెట్టగా, కొన్ని నిమిషములలోనే 94 శాతము మంది ఏదో ఒక ధ్వని వినబడుచున్నదన్నారు. 2022లో వెలువడిన ఒక సమగ్ర పరిశీలన ప్రకారము ప్రపంచములోని పెద్దలలో సుమారు 14 శాతము మందికి చెవి హోరు ఉన్నది. ఆ లెక్క 74 కోట్లకు పైమాట. తీవ్రముగా బాధపడువారు సుమారు 2 శాతము. అనగా హోరు ఉన్నవారిలో చాలామంది దానితో సాగిపోతారు, కొందరు మాత్రము నలిగిపోతారు. తేడా శబ్దపు బిగ్గరతనములో కంటె, మెదడు ఆ శబ్దమును అపాయముగా ఎంచుటలో ఎక్కువగా ఉన్నది. 1990లో జాస్ట్రెబాఫ్ ప్రతిపాదించిన వివరణ ఇదే. భయము వలన దృష్టి శబ్దము మీద నిలుస్తుంది. దృష్టి నిలిచినకొలది శబ్దము పెద్దదవుతుంది. నిద్ర చెడుతుంది, చెడిన నిద్ర భయమును పెంచుతుంది. దిగులు, ఆందోళన ముందే ఉన్నవారిని హోరు ఎక్కువగా బాధిస్తుంది. హోరు తీవ్రమైనవారిలో దిగులు, ఆందోళన ఎక్కువగా కనబడతాయి.

హోరును పూర్తిగా తీసివేసే మందు నేటికిని లేదు. కాని చేయదగినది చాలా ఉన్నది. చెవిని పరీక్షించి గుమిలి, చీము, రక్తహీనత, రక్తపోటు వంటి కారణములుంటే వాటికి వైద్యము చేయవచ్చును. వినికిడి తగ్గినవారికి వినికిడి యంత్రము బయటి శబ్దములను తెచ్చి హోరును వెనుకకు నెడుతుంది. ఆలోచనలను, అలవాట్లను సరిచేసే మాటల చికిత్స (సి.బి.టి.) గూర్చి 2020లో కాక్రేన్ సంస్థ 28 పరిశోధనలను, వాటిలోని 2,733 మందిని పరిశీలించి, హోరు జీవితము మీద వేసే భారము దాని వలన తగ్గవచ్చునని తేల్చింది. అనగా మోసేవాని భుజము బలపరచబడుతుంది.

7. కాపరులకు కొన్ని పాఠములు

మొదటిది, అడుగుట. 'ఏమి వినబడుచున్నది?' అని నెమ్మదిగా అడుగవలెను. ఈల, హోరు, బుస అయితే అది చెవికి సంబంధించినదై ఉండవచ్చును. మాటలు వినబడుచున్నవి, అవి ఆజ్ఞాపించుచున్నవి, నిందించుచున్నవి అంటే అది వేరు. దానికి ఆలస్యము చేయక మానసిక వైద్యుని యొద్దకు వెళ్ళవలెను. రెండింటినీ కలిపి 'స్వరములు' అని పిలిచి, రెండింటికీ ఒకే ప్రార్థన చేసి పంపుట కాపరితనము కాదు. హఠాత్తుగా ఒక చెవి వినబడకపోయినా, నాడితో కలిసి కొట్టుకొను శబ్దము వినబడినా వెంటనే వైద్యుని చూడవలెను. హఠాత్తుగా వచ్చిన చెవుడుకు మొదటి దినములలో చేసే వైద్యమే ఎక్కువ ఫలిస్తుంది.

రెండవది, నిందింపకుండుట. స్వస్థత కలుగనప్పుడు విశ్వాసములేమి అని చెప్పుట సులువు. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకున్నప్పుడు దేవుడు మొదట ప్రశ్నింపలేదు, నిద్రపోనిచ్చి, భోజనము పెట్టి, మరల నిద్రపోనిచ్చాడు. మిక్కిలి నిమ్మళమైన స్వరము ఆ తరువాతి సంగతి. సౌలు వేదనపడినప్పుడు దావీదు సితారా వాయించాడు. చెవి హోరుతో నిద్రలేని వానికి, నిశ్శబ్దమైన ఉపవాస గదికంటె మంద్రముగా పాడే రేడియో, తిరిగే ఫ్యాను చప్పుడు ఎక్కువ మేలు చేయవచ్చును. పౌలు ముల్లు ఏమిటో మనకు తెలియదు, అది చెవి హోరని చెప్పుటకు మనకు అధికారము లేదు. ముల్లు తీసివేయబడకయే కృప చాలునని ఆయన నేర్చుకొన్న సంగతి మాత్రము తెలుసు.

మూడవది, మన మైకులు. 85 డెసిబెల్స్ చప్పుడులో ఎనిమిది గంటలకు మించి ఉండరాదని నిపుణులు చెప్తారు. ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ వ్యవధి సగమవుతుంది, 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషములే. డ్రమ్సు, కీబోర్డు, పెద్ద స్పీకర్లు పెట్టిన చిన్న మందిరములో ఈ హద్దు దాటుట ఎంత సేపు? 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమములు నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దుగా పెట్టాయి. అదే సంవత్సరము ఆగస్టు 30న సుప్రీంకోర్టు, చెన్నైలోని ఒక సంఘమునకు సంబంధించిన వ్యాజ్యములో, ఇతరుల నెమ్మదిని చెరిపి ప్రార్థించమని ఏ మతమును చెప్పదని తీర్పు ఇచ్చింది. ఈ మాట మనకు న్యాయస్థానము చెప్పవలసి వచ్చినందుకు సిగ్గుపడదాము. స్తుతి పాడే యువకుల చెవులను కాపాడుట కూడా కాపరి బాధ్యతే.

నాలుగవది, దారి చూపుట. కాకినాడలో 1958లో స్థాపింపబడిన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. విశాఖపట్నములో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి ఖర్చు లేకుండా మాట్లాడవచ్చును. 'చనిపోవాలనిపిస్తోందా?' అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనము వెనుదీస్తాము. అడుగుట వలన ఆ ఆలోచన పుట్టదు, దాచుకున్నది చెప్పుకొనుటకు తలుపు తెరుచుకుంటుంది.

ముగింపు

నీనెవె మంత్రగాడు హోరును చచ్చినవారి ఆత్మ అన్నాడు. లూథరు సాతాను అన్నాడు. పారిస్ వైద్యులు ఒక కాలములో మెదడు జబ్బు అన్నారు. మేము విశ్వాసములేమి అని చెప్పకయే చెప్పాము. ఈ అందరిలో లూథరు ఒక్క విషయములో వేరుగా నిలుస్తాడు. తన బాధకు ఏ పేరు పెట్టినా, దానిని ఒంటరిగా మోయలేదు. కాపరిని పిలిచాడు, స్నేహితులకు వ్రాశాడు, మందు పుచ్చుకున్నాడు, పాట పాడుకున్నాడు.

మా పెద్దాయనను ఆయన కుమార్తెతో కలిసి మేమే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాము. చెవి వైద్యుడు పరీక్షించి రెండు చెవులలోను వినికిడి తగ్గిందన్నాడు. వినికిడి యంత్రము పెట్టారు. దిగులుకు మందు కొన్ని నెలలు వాడారు. మేము ఆయన యింటికి వెళ్ళి, ఉపవాసమును గూర్చి మేము చెప్పిన మాట తప్పని ఒప్పుకున్నాము. ఆయన కాసేపు ఊరకుండి, "పోనీలెండయ్యగారండీ, మీకు మాత్రం ఏం తెలుస్తాదండి" అన్నారు. ఆ మాటలో క్షమాపణ ఉన్నది, మా చదువును గూర్చిన సత్యమును ఉన్నది.

హోరు పోలేదు. ఇప్పటికిని రాత్రివేళ మిల్లు ఆడుతూనే ఉన్నదట. కాని ఆయన నిద్రపోతున్నారు, భోజనము చేస్తున్నారు, ఆదివారము ముందు బల్లలో కూర్చుంటున్నారు. ఆయన కూర్చున్న వైపు స్పీకరును మేము తీయించివేశాము.

సామర్లకోట సెమినరీకిని పిఠాపురము వైద్యశాలకును మధ్య మన పూర్వికులు ఒక దారి వేసి వెళ్ళారు. నేటి సెమినరీ విద్యార్థి హెబ్రీ, గ్రీకు నేర్చుకున్నట్లే ఆ దారిని కూడా నేర్చుకొనవలెనని మా మనవి.